‘మూలాఁ రూజ్ – లా గూలూ’ పోస్టర్ ప్రతి: కొనేముందు కాగితం చూడండి

ఫ్రెంచ్ చిత్రకారుడు తూలూజ్-లోత్రెక్ 1891లో ప్యారిస్‌లోని మూలాఁ రూజ్ నృత్యశాల కోసం గీసిన ‘లా గూలూ’ పోస్టర్‌కు నేటి ముద్రణలు ఆన్‌లైన్ దుకాణాలలో లెక్కలేనన్ని దొరుకుతున్నాయి. వాటిలో మెరుపు లేని మందపాటి కాగితంపై ఇంక్‌జెట్‌తో ముద్రించిన 60 × 90 సెంటీమీటర్ల ప్రతిని మా హాలు గోడ కోసం తెప్పించుకున్నాను. అట్ట గొట్టంలో చుట్టి పంపారు. ఎక్కడా మడత పడలేదు.

ఈ పోస్టర్ ప్రతి బాగున్నదా లేదా అన్నది తేల్చేది రంగుల కంటే ముందు కాగితమే. నడుమ కాలెత్తి నర్తిస్తున్న లా గూలూ లోపావడాల తెలుపు విడిగా అద్దిన రంగు కాదు. రాతిపై గీసి అచ్చువేసే ఆ ముద్రణలో సిరా తగలనీయకుండా వదిలిన కాగితమే అక్కడ పావడాగా కనిపిస్తుంది. వెనుక నల్లని నీడల్లా వరుసగా నిలబెట్టిన ప్రేక్షకుల వల్లనే ఆ తెలుపు అంతగా ముందుకు వస్తుంది. కాబట్టి పాతదనం కోసమని కాగితమంతటికీ టీ రంగు పూసిన ప్రతులలో నర్తకి పావడా మాసినట్లుంటుంది. నిగనిగలాడే కాగితంపై వేసిన వాటిలో గదిలోని దీపం వెలుగు సరిగ్గా అక్కడే పడి బొమ్మను చంపేస్తుంది. నా ప్రతిలో కాగితం లేత మీగడ రంగులో ఉండడంతో ఈ రెండు దోషాలూ తప్పాయి. చుక్కల రవిక, ఎర్రని మేజోళ్లు, పసుపు దీపాల గుండ్రాలు కూడా నిండుగా వచ్చాయి.

లోపం ముందు వైపు నిలిచిన వాలాంతాఁ బొమ్మలో ఉంది. టోపీ, పొడవైన ముక్కు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం గల ఆ నర్తకుడి ఊదా ఛాయ బూడిదరంగు ఆకారంలో, మూలప్రతిలోనైతే కుంచెతో సిరాను తుంపరగా చిమ్మిన సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఇక్కడ అవన్నీ కలిసిపోయి ఒకే మచ్చగా మారాయి. లోత్రెక్ చేతిపని బాగా తెలిసే చోటే ఇలా కావడం నాకు రుచించలేదు.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మూలప్రతి దాదాపు 190 సెంటీమీటర్ల ఎత్తు, 117 సెంటీమీటర్ల వెడల్పు గల వీధి ప్రకటన. ఆ నిష్పత్తి 60 × 90 చట్రంలో ఇమడదు. నా ప్రతిలో రెండు పక్కలా ఖాళీ అంచు వదిలి బొమ్మను సుమారు 55 సెంటీమీటర్ల వెడల్పుకు కుదించారు. అదే సరైన పద్ధతి. చట్రం నిండాలని పైనా కిందా కోసిన ప్రతులలో, ఒకే పెద్ద ఎర్ర ‘ఎమ్’ అక్షరాన్ని పంచుకుంటూ మూడు వరుసలలో సాగే నృత్యశాల పేరుకు కత్తెర పడే ప్రమాదం ఉంది. అటువంటి ప్రతి ఎంత చవకగా వచ్చినా నేను కొనను. ఎ3 (సుమారు 30 × 42 సెంటీమీటర్లు) పరిమాణం కూడా దీనికి చాలదు. ఎదుటి పేవ్‌మెంట్ మీద నడిచే మనిషిని ఆపడానికి గీసిన బొమ్మ అది.

ఇచ్చిన ధరకు ఇది తగిన వస్తువే. ఫ్రేము కట్టించేటప్పుడు మాత్రం మెరుపు లేని గాజు అడగండి. దానికయ్యే ఖర్చు పోస్టర్ ధరను మించవచ్చు.