పాత రీల్: ఉన్నదున్నట్టు బాగుచేయాలా, పార్టులు మార్చాలా?

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫిషింగ్ రీల్ (గాలం దారం, అంటే లైన్ చుట్టే చక్రం) దొరికితే ముందు హ్యాండిల్ తిప్పి చూడండి. గరగరమంటే చాలాసార్లు అది అరుగుదల కాదు, గట్టిపడిన గ్రీజు.

ఖర్చు: ఉన్నదాన్ని నిలబెట్టడానికి కిరోసిన్, పాత టూత్‌బ్రష్, కొత్త గ్రీజు చాలు. అప్‌గ్రేడ్‌కి బేరింగులు, డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్‌ను బిగువుగా వదిలే బ్రేకు) వాషర్లు తెప్పించుకోవాలి. పాత మోడళ్లకు సైజు కుదరడమే పెద్ద టెన్షన్.

శ్రమ: రెండింటికీ విప్పక తప్పదు. ప్రతి పార్టుకీ ఫోటో తీసి, గుడ్డ మీద వరసగా పెట్టండి. నా చేతిలోంచి ఒకసారి చిన్న స్ప్రింగ్ ఎగిరిపోయి, రీల్ రెండు వారాలు డబ్బాలోనే ఉండిపోయింది.

రిస్క్: 1950లలో స్వీడన్‌లో పుట్టిన అబు కంపెనీ ఎర్ర రీల్ అంబాసడర్ 5000 లాంటిదైతే గట్టిగా పాలిష్ కూడా పట్టొద్దు. ఆ ఎర్ర రంగు పోతే సేకరించేవాళ్ల దగ్గర విలువ పడిపోతుంది.

డ్రాగ్ విషయంలో మాత్రం అప్‌గ్రేడ్‌దే పైచేయి. ఎండిపోయిన తోలు వాషర్ పట్టేసి, ఉన్నట్టుండి జారుతుంది. బొచ్చె చేప ఒక్క ఊపు లాగేసరికి లైన్ తెగుతుంది. కార్బన్ వాషర్ ఒకే తీరున వదులుతుంది.

నాన్నగారి రీల్ అయినా, అరుదైన మోడల్ అయినా ఉన్నదున్నట్టే ఉంచండి. వారం వారం చెరువుకు తీసుకెళ్లేదైతే డ్రాగ్ మార్చండి, పాత వాషర్లు చిన్న డబ్బాలో దాచండి.