హంటర్ రోడ్డులో షాపు, ఎనిమిదేళ్ల బీమా: మూడు క్లెయిముల తర్వాత నా మాట

మాది వరంగల్ హంటర్ రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు. పని మా ఆయనది, లెక్కలు నావి. బొందివాగు దగ్గరే కాబట్టి వానాకాలంలో రాత్రి ఒకటికి రెండుసార్లు లేచి వాగు ఎంతవరకు వచ్చిందో చూసి రావడం మాకు అలవాటైపోయింది.

షాపుకు 2017లో బీమా తీసుకున్నాం. బ్యాంకు లోన్ ఇవ్వాలంటే పాలసీ కావాలన్నారని తీసుకున్నదే తప్ప అప్పట్లో అందులో ఏముందో ఇద్దరం చదవలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా మూడు వరదలు, ఒక దొంగతనం చూశాం. మూడుసార్లు క్లెయిమ్ పెట్టాం, మూడుసార్లూ డబ్బు వచ్చింది. అయితే వచ్చిన తీరు ఒక్కోసారి ఒక్కోలా ఉంది. చిన్న షాపు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదివి తమ పాలసీ కాగితం ఒకసారి బయటికి తీస్తే చాలని రాస్తున్నాను.

మొదటిది 2020 ఆగస్టు వరద. నగరంలో సగం కాలనీలు మునిగిన రోజులవి. మా షాపులో నీళ్లు కౌంటర్ ఎత్తుకు వచ్చాయి. కింద వరుసలో ఉన్న వైరు బండిళ్లు, ఇన్సులేషన్ పేపరు, వార్నిష్ డబ్బాలు, కొత్త పంపు సెట్లు అన్నీ బురదలో ఉన్నాయి. నష్టం లెక్క కట్టడానికి బీమా కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి రెండు గంటలు కూర్చుని లెక్క రాసుకున్నారు, మర్యాదగా మాట్లాడారు. తడిసినా రాగి రాగే కాబట్టి తుక్కు కింద దానికి వచ్చే ధర తీసేసి నష్టం 1,80,000 అని తేల్చారు. ఆ లెక్క మాకూ న్యాయంగానే అనిపించింది.

తీరా చేతికి వచ్చింది 1,10,000. ఎందుకంటే షాపులో అప్పటికి ఆరు లక్షల సరుకు ఉంది, పాలసీ మాత్రం నాలుగు లక్షలకే. ప్రీమియం నాలుగైదు వందలు తగ్గుతుందని మేమే అలా రాయించాం. పోయింది నాలుగు లక్షల లోపే కదా, మొత్తం ఇస్తారనుకున్నాం. అలా ఇవ్వరు. ఆరింటిలో నాలుగు వంతులకే బీమా చేశారు కాబట్టి నష్టంలోనూ అంత వంతే ఇస్తారు. దీన్నే యావరేజ్ అంటారు. ఆ లెక్కన 1,20,000 అయింది, అందులో మనం భరించాల్సిన పదివేలు తీసేశారు. నాలుగైదు వందలకు చూసుకుని అరవై వేలు పోగొట్టుకున్నాం.

అంతకంటే పెద్ద దెబ్బ రైతుల మోటార్లది. గీసుగొండ, సంగెం, పర్వతగిరి వైపు నుంచి రిపేరుకు వచ్చిన ఏడు మోటార్లు ఆ రోజు షాపులోనే ఉన్నాయి. పాలసీలో ‘స్టాక్’ అని ఉంది, అంటే మీ సొంత సరుకే, ఇతరులు నమ్మి మీ దగ్గర పెట్టింది అందులోకి రాదన్నారు సర్వేయర్. నాటు పడిన పొలాలు అవి, మోటారు లేకుండా రైతు ఎన్నాళ్లుంటాడు? మా ఆయన ఒక్కో స్టేటరు (మోటారులో వైరు చుట్టి ఉండే, తిరగని భాగం) విప్పి, గాడుల్లో పేరుకున్న బురదను పళ్లుతోముకునే బ్రష్‌తో గీకి, లోపల రెండు వందల వాట్ల బల్బు వేలాడదీసి ఆరబెట్టారు. ఇన్సులేషన్ బాగుందో లేదో చెప్పే మెగ్గర్ మీటరు పెట్టి చూస్తే ఏడింటిలో ఒక్కటే బతికింది. మిగతా ఆరూ కొత్త వైరుతో మా ఖర్చు మీద చుట్టి ఇచ్చాం. పాతిక వేలు దాటింది. ఒక్క రైతు దగ్గరా రూపాయి తీసుకోలేదు. అది మా మర్యాదకు సంబంధించిన విషయం.

ఆ తర్వాత రెన్యువల్ అప్పుడు పాలసీ మార్చాం. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అమ్ముతున్నాయి. ఒకచోట ఉన్న ఆస్తి, సరుకు కలిపి ఐదు కోట్ల లోపున్న వ్యాపారాలకు అది. సరుకు విలువ కంటే బీమా 15 శాతం దాకా తక్కువున్నా యావరేజ్ కోత వేయరు. మా ఎనిమిది లక్షల సరుకుకు దొంగతనం పాలసీ కూడా కలిపి, 18 శాతం జీఎస్టీతో ఏడాదికి నాలుగు వేల లోపే అవుతోంది. ‘ఇతరులు రిపేరుకు ఇచ్చిన సామాను’ అన్న మాట పాలసీతో ఇచ్చే వివరాల కాగితంలో, అంటే షెడ్యూల్‌లో, ప్రత్యేకంగా రాయించాను. ఏజెంటు అవసరం లేదన్నా పట్టుబట్టి రాయించాను.

ఒక సంగతి చాలామందికి తెలియదు. ఈ పాలసీలో దొంగతనం అంటే వరద, అగ్నిప్రమాదం లాంటిది జరిగాక ఏడు రోజుల్లో ఆ గందరగోళంలో పోయిన సరుకు మాత్రమే. మామూలు రోజున తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే దానికి బర్గ్లరీ పాలసీ వేరే ఉండాలి.

ఆ బర్గ్లరీ పాలసీ 2021 డిసెంబర్‌లోనే పనికొచ్చింది. గడ్డపారతో షట్టర్ ఒక పక్క వంచి, సన్నటి మనిషి దూరేంత సందు చేసి లోపలికి వచ్చారు. మోటార్ల జోలికి పోలేదు, రాగి వైరు ఒక్కటే పట్టుకుపోయారు. సుమారు 110 కిలోలు. గల్లాలో ఉన్న ఆరు వేలు కూడా పోయాయి. మా ఆయన వెంటనే షట్టర్ మేస్త్రీకి ఫోన్ చేయబోతే పక్క హార్డ్‌వేర్ షాపు అన్న ఆపాడు. ‘ఆగు చెల్లె, సర్వేయర్ చూసేదాక షట్టర్ ముట్టొద్దు’ అన్నాడు. ఆ మాట మమ్మల్ని కాపాడింది. బలవంతంగా లోపలికి వచ్చినట్టు గుర్తు ఉంటేనే బర్గ్లరీ కింద డబ్బు ఇస్తారు. పగలు ఎవరో జేబులో వేసుకుని పోయినా, పనివాడు ఎత్తుకెళ్లినా ఇవ్వరు. సర్వేయర్ వచ్చి వంగిన రేకును, విరిగిన తాళం నాలుకను దగ్గరనుంచి ఫొటోలు తీసుకున్నారు. ఎఫ్ఐఆర్‌లో కూడా ‘షట్టర్ వంచి’ అన్న మాట ఉండేలా చూసుకున్నాం. అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలో రాత్రిపూట చొరబాటు, దొంగతనం సెక్షన్లు 457, 380 కింద కేసు అయింది.

అయితే సర్వేయర్ వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రాత్రులూ వంగిన షట్టర్ వెనక మా ఆయన మోటార్ల మధ్య చాప వేసుకుని పడుకున్నారు. డిసెంబర్ చలి. నాకు ఇంట్లో నిద్ర లేదు, టెన్షన్‌తో గంటకోసారి ఫోన్ చేసేదాన్ని.

డబ్బు విషయానికొస్తే 96 కిలోలకే లెక్క కట్టారు. మిగతా 14 కిలోలు కచ్చా బిల్లు మీద తెచ్చింది, స్టాక్ బుక్కులో లేదు. గల్లా డబ్బు రాదన్నారు, రాత్రిపూట బీరువాలో ఉంటేనే వర్తిస్తుందట. షట్టర్ రిపేరు 7,500 మా పాలసీలో లేదు. ఇంకొకటి మా ఆడిటర్ చెప్పేదాకా నాకు తట్టలేదు. దొంగలు ఎత్తుకెళ్లిన సరుకు మీద మనం తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకున్నది) వెనక్కి కట్టాలి. జీఎస్టీ చట్టంలో సెక్షన్ 17(5)(హెచ్) అదే చెబుతోంది. క్లెయిమ్‌లో నేను పన్ను లేని ధర వేశాను. దాంతో పద్నాలుగు వేల పైచిలుకు నా చేతి నుంచి పోయింది. మీరు క్లెయిమ్ వేసేటప్పుడు ఆ మొత్తం కూడా అడగండి, ఆడిటర్ సర్టిఫికెట్ జతచేయండి.

దొంగల ఆచూకీ దొరకలేదన్న పోలీసు రిపోర్టు 2022 మేలో వచ్చింది. అది ఇచ్చాక కూడా కంపెనీ మూడు నెలలు పలకలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాను. పన్నెండో రోజు 76 వేలు ఖాతాలో పడ్డాయి. ఫిర్యాదుకు ఖర్చేమీ లేదు. అక్కడా తేలకపోతే హైదరాబాద్ లక్డీకాపూల్‌లో బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ కూడా ఫీజు ఉండదు.

దొంగతనం జరిగిన రోజు నుంచి డబ్బు వచ్చిన రోజు దాకా ఎనిమిది నెలలు. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. చిన్న షాపు చచ్చేదీ బతికేదీ మొదటి పది రోజుల్లో. షట్టర్ మేస్త్రీ నగదు అడుగుతాడు. హైదరాబాద్ ట్రూప్‌బజార్ నుంచి కొత్త వైరు రావాలంటే పాత బాకీ తీర్చాలి. వైరు లేక రెండు రోజులు మూతపడితే రైతు ఇంకో షాపుకు పోతాడు, ఒకసారి పోయినవాడు మళ్లీ రావడం కష్టం. మేం లక్ష రూపాయల చిట్టీ ఎత్తాం. పాటలో పన్నెండు వేలు పోయాయి. బీమా ఇచ్చిన దాంట్లో ఆ పన్నెండు వేలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే మా చెల్లెలి కొడుకు ఇది విని అక్కడి సంగతి చెప్పాడు. అక్కడ చిన్న దుకాణం అద్దమో తలుపో ఎవరైనా పగలగొడితే, బాగు చేయించుకోవడానికి నగరపాలక సంస్థే రెండు వేల డాలర్ల దాకా గ్రాంటు ఇచ్చే పథకం పెట్టిందట. పోయిన సరుకుకు కాదు, పాడైన ముందు భాగానికి. తిరిగి కట్టక్కర్లేదు. మన దగ్గర విపత్తు సాయం నిబంధనల్లో ఇల్లు, పంట, పశువులు ఉన్నాయి. చేనేత కార్మికుల మగ్గం, నూలు కూడా ఉన్నాయి, కాబట్టి కొత్తవాడలో దర్రీలు నేసేవారికి అడిగే దారి ఉంది. మాలాంటి షాపుకు ఆ దారి లేదు. తోపుడు బండ్లవాళ్లకు పీఎం స్వనిధి ఉంది కానీ అది అప్పు. మేం ఏటా గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు ట్రేడ్ లైసెన్స్ ఫీజు కడతాం. అందులోంచి కొంత పక్కన పెట్టి, ఎఫ్ఐఆర్ కాపీ, ఫొటో, మేస్త్రీ బిల్లు చూపిస్తే వారంలో పదివేలు ఇచ్చే ఏర్పాటు ఉంటే మా ఆయన నాలుగు రాత్రులు చలిలో పడుకునేవారు కాదు. మా డివిజన్ కార్పొరేటర్‌కు ఈ మాట కాగితం మీద రాసి ఇచ్చాను, మళ్లీ ఇస్తాను.

2023 జులై 27 వానకు షాపు మళ్లీ మునిగింది. ఈసారి మాత్రం కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. నెలకోసారి స్టాక్ లెక్క రాసి, షాపంతా ఫోన్‌లో వీడియో తీసి, ఇద్దరి ఫోన్లలో పెట్టుకుంటున్నాను. రిపేరుకు వచ్చిన ప్రతి మోటారుకు రైతు పేరు, హెచ్‌పీ, నంబరు రాసి రసీదు ఇస్తున్నాం. పదకొండు మోటార్లూ క్లెయిమ్‌లోకి వచ్చాయి. నష్టం 1,42,000 తేలింది, పదివేలు పోను 1,32,000 అరవై ఏడు రోజుల్లో వచ్చింది. కోత మీద గొడవ లేదు.

మొన్న 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చినప్పుడు అడుగున్నర నీళ్లు చేరాయి. అప్పటికే కింద వరుస ఎత్తేసి సరుకంతా మూడడుగుల పైన రాక్‌ల మీద పెట్టాం కాబట్టి ఎనిమిది వేలతో బయటపడ్డాం. పదివేల లోపు నష్టానికి బీమా రాదు, క్లెయిమ్ పెట్టలేదు.

నాలుగు వేల ప్రీమియానికి ఈ పాలసీ ముమ్మాటికీ విలువైనదే. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒక్కటీ ఎనిమిది నెలల ఎదురుచూపుకు. ఈసారి రెన్యువల్‌లో షట్టర్ నష్టం కూడా కలపమని అడిగాను, ఎంత పెరుగుతుందో ఏజెంటు సోమవారం చెబుతానన్నాడు.