అరటి ఎగుమతి: కంపెనీకి ఇద్దామా, సంఘంగా పంపుదామా?

మా అనంతపురంలో జీ-9 (గ్రాండ్ నైన్ రకం) అరటి వేసిన రైతుకు రెండు దార్లున్నాయి.

కంపెనీకి ఇస్తే టెన్షన్ తక్కువ. వాళ్ల కూలీలే గెల కోసి, హస్తాలు విడదీసి, పటిక నీళ్లలో కడిగి, పెట్టెల్లో సర్దుతారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటి రైలు కదిలినప్పుడూ కంపెనీల చేయి ఉంది. కానీ ధర వాళ్లు చెప్పిందే. మచ్చ పడ్డ కాయ తోటలోనే మిగిలిపోతుంది, అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఎఫ్‌పీవోగా, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘంగా కలిస్తే చాకిరీ ఎక్కువ. అపెడా (కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్, లెక్కలు, కోల్డ్ స్టోరేజ్ అన్నీ మన నెత్తినే. 2020లో మొదలైన కేంద్ర పథకం కింద ఒక్కో సంఘానికి మూడేళ్లకు ఇచ్చిన 18 లక్షల దాకా సాయం కూడా నిర్వహణకే. అయినా బేరం మన చేతిలో ఉంటుంది.

నేనైతే రెండు సీజన్లు కంపెనీ దగ్గర ప్యాకింగ్ నేర్చుకుని, తర్వాత సంఘం కట్టమంటాను.