ఐఎస్‌ఐ గుర్తు చూడకుండా కుక్కర్ కొన్నాం, మూత లేచి సీలింగుకి కొట్టుకుంది. కొనేవాళ్ళు జాగ్రత్త

ఆన్‌లైన్ సేల్‌లో కుక్కర్ కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు ముందు ఒక పని చేయండి. కుక్కర్ ఒంటిమీద ఐఎస్‌ఐ గుర్తు, దానిపైన ఐఎస్ 2347 అనే అంకె, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. అట్టపెట్టె మీద ఉంటే చాలదు. కుక్కర్ మీదే ఉండాలి. లేకపోతే స్టవ్ ఎక్కించకండి. మేము చూడలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది గుంటూరు. సంక్రాంతి సేల్‌లో ఒక షాపింగ్ యాప్‌లో 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్ 1,149 రూపాయలకి కనిపించింది. పట్నంబజారులో స్టీలు సామాన్ల షాపాయన అదే సైజుకి రెండు వేల పైమాటే చెప్పాడు. యాప్‌లో వివరాల దగ్గర "ఐఎస్‌ఐ సర్టిఫైడ్" అని ఉంది. కంపెనీ పేరు అందరికీ తెలిసిన బ్రాండుకి ఒక్క అక్షరం తేడా. ఆ తేడా నా కంటికి ఆనలేదు. వచ్చిన కుక్కర్ మీద బంగారు రంగు స్టిక్కరు, దానిమీద "ప్రీమియం క్వాలిటీ". అంతే. తళతళలాడుతోంది కదా అని మురిసిపోయి, ఆ సాయంత్రమే పప్పు పెట్టేశాను.

ఇరవై మూడో రోజు జరిగింది. టమాటా పప్పు పెట్టి నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళాను. మా అత్తయ్యగారు "విజిల్ రావట్లేదేంటమ్మాయ్" అని కింద నుంచి కేకేసి, స్టవ్ కట్టేద్దామని చెయ్యి పెట్టారు. అంతే, ఢామ్మని చప్పుడు. నేను దిగేసరికి మూత ఫ్రిజ్ పక్కన పడి ఉంది, సీలింగు మీద పప్పు, అత్తయ్య ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిపోయి ఉంది. ముఖానికి తగల్లేదు, దేవుడి దయ. నెలన్నర కట్లు కట్టించాం.

తర్వాత ఆ కుక్కర్‌ని స్టవ్‌లు బాగుచేసే ఆయనకి చూపించాం. వెయిట్ కూర్చునే గొట్టంలో పప్పు పొట్టు అడ్డుపడిందట. అది ఏ కుక్కర్‌లోనైనా జరుగుతుంది, అందుకే సేఫ్టీ వాల్వ్ పెడతారు, ఆవిరి ఎక్కువైతే అందులోని మెత్తటి లోహం కరిగి దారి ఇస్తుంది అన్నాడు. మా దాని వాల్వ్ గోటితో తట్టి చూపించి, "ఇది కరిగే సరుకు కాదమ్మా, ఉత్త ఇత్తడి బిరడా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక కస్టమర్ కేర్ భాగోతం. మొదటి అమ్మాయి, "రిటర్న్ విండో ఏడు రోజులే మేడమ్, క్లోజ్ అయిపోయింది" అంది. అమ్మినవాడు "ఎక్కువ నింపి ఉంటారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మూడోసారి పైస్థాయి అతను "మేము ప్లాట్‌ఫామ్ మాత్రమే, సెల్లర్‌తో మాట్లాడుకోండి" అన్నాడు. ఈ మాట అనిపించుకున్నవాళ్ళు ఇది చదువుతున్నవాళ్ళలో చాలామందే ఉంటారు. ఇక్కడితో వదిలేయకండి, ఎందుకంటే ఈ మాటకి జవాబు ఎప్పుడో వచ్చేసింది.

2021 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో ఇంటి కుక్కర్‌కి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు లేకుండా తయారుచేయకూడదు, అమ్మకూడదు. ఆ తర్వాత కూడా అమ్మినందుకు 2022 ఆగస్టులో సీసీపీఏ, అంటే 2019 వినియోగదారుల చట్టం కింద పెట్టిన కేంద్ర సంస్థ, అమెజాన్‌కి లక్ష రూపాయలు, ఫ్లిప్‌కార్ట్‌కి లక్ష రూపాయలు జరిమానా వేసింది. అమెజాన్ ద్వారా పోయినవి 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్ ద్వారా 598. కొన్న ప్రతి ఒక్కరికీ కబురు చేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగి ఇవ్వమంది. "మేము మధ్యవర్తులమే" అన్న వాదన అక్కడా వచ్చింది. ప్రతి అమ్మకం మీదా ఫీజు తీసుకుంటున్నప్పుడు చేతులు దులుపుకోవడం కుదరదని సీసీపీఏ తేల్చింది. రెండు కంపెనీలూ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి. కోర్టు జరిమానా సొమ్ము డిపాజిట్ చేయమంది, కొన్నవాళ్ళకి సమాచారం పంపమంది. (నా కేసు దీనికి సంబంధించింది కాదు. నేను కొన్న యాప్ పేరు, అమ్మినవాడి పేరు రాయను, కేసు నడుస్తోంది.)

నాకు ఒళ్ళు మండిన లెక్క ఒకటుంది. ఆ 2,265 కుక్కర్ల మీద అమెజాన్‌కి వచ్చిన ఫీజు 6,14,825 రూపాయలని ఆ ఆర్డర్‌లోనే ఉంది. అంటే కుక్కర్‌కి 271 రూపాయలు సంపాదించి, 44 రూపాయలు జరిమానా అన్నమాట. ఇంకో సంగతి, ఆ జరిమానా కాలిన చేతికి రాదు. సర్కారు ఖాతాకి పోతుంది.

మేము బోల్తాపడింది ఇక్కడే. పేపర్లో "ఫలానా కంపెనీకి భారీ జరిమానా" అని చదివి, మన పని కూడా అయిపోయింది అనుకుంటాం. 2012లో సిమెంటు కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచాయని కాంపిటీషన్ కమిషన్ 11 కంపెనీలకి 6,000 కోట్లకి పైగా జరిమానా వేసినప్పుడు మా మామయ్యగారు, అప్పుడే ఇల్లు కట్టి అప్పుల్లో ఉన్న మనిషి, "బస్తాకి ఎంతో కొంత వెనక్కొస్తుందా" అని అడిగారు. రాదు. పైగా 2015లో ట్రిబ్యునల్ ఆ ఆర్డర్ కొట్టేసింది, 2016లో కమిషన్ మళ్ళీ వేసింది, అప్పీళ్ళు సుప్రీంకోర్టు దాకా పోయాయి. ఈలోపు ఇంటికి రెండోసారి రంగులు కూడా వేయించాం.

కాబట్టి రెండు దారుల్లోనూ నడవాలి. వాళ్ళకి శిక్ష పడే దారి వేరు, మన డబ్బు వచ్చే దారి వేరు.

శిక్ష సంగతికి వస్తే, ఐఎస్‌ఐ తప్పనిసరైన సరుకుని గుర్తు లేకుండా అమ్మితే 2016 నాటి బీఐఎస్ (ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే కేంద్ర సంస్థ) చట్టంలో రెండేళ్ళ దాకా జైలు, లేదా మొదటిసారికే కనీసం 2 లక్షల నుంచి సరుకు విలువకి పది రెట్ల దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చని రాసి ఉంది. దానికి మనం చేయాల్సింది బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఫిర్యాదు పెట్టడం. లైసెన్సు నంబరు కొట్టి అది అసలుదో కాదో కూడా అందులోనే చూసుకోవచ్చు. మేము కొన్నదాని బ్రాండు పేరుతో కుక్కర్లకి లైసెన్సే కనపడలేదు. యాప్‌లో "ఐఎస్‌ఐ సర్టిఫైడ్" అని రాసిన పేజీకి స్క్రీన్‌షాట్ తీసి సీసీపీఏకి కూడా పంపాను, ఎందుకంటే అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. దానికి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. సీసీపీఏ ఆదేశాన్ని లెక్కచేయకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 20 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

స్క్రీన్‌షాట్ వెంటనే తీయండి. నేను తీసిన నాలుగో రోజుకి ఆ పేజీలో ఐఎస్‌ఐ మాట మాయమైంది. వారానికి ఆ సెల్లరే మాయం.

మన డబ్బు సంగతి. ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబరు) ఇచ్చారు. వాళ్ళు జడ్జీలు కారు, కంపెనీకి పంపి రాజీ కుదురుస్తారు. ఆరో రోజున యాప్‌వాళ్ళు తగ్గి, 1,149 రూపాయలు వాలెట్‌లో వేస్తాం, కుక్కర్ పంపేయండి అన్నారు. రెండింటికీ ఒప్పుకోలేదు. వాలెట్ అంటే వాళ్ళ దగ్గరే మళ్ళీ కొనాలి. 2024 అక్టోబరులో ఓలా క్యాబ్స్ ఇలాగే రిఫండ్‌ని కూపన్ రూపంలోనే ఇస్తుంటే, బ్యాంకు ఖాతాలో కావాలో కూపన్ కావాలో కస్టమరే తేల్చుకునేలా పెట్టమని సీసీపీఏ ఆదేశించింది. 2025 ఆగస్టులో ర్యాపిడోకి 10 లక్షలు వేసినదాంట్లోనూ ఇదే తంతు: ఐదు నిమిషాల్లో ఆటో రాకపోతే 50 రూపాయలు అని ప్రకటన, తీరా ఇచ్చేది 50 దాకా కాయిన్లు, అవీ ఏడు రోజుల్లో బైక్ రైడ్‌కే వాడాలి. ఈ రెండూ మెయిల్‌లో రాసి పంపాను. మర్నాడే బ్యాంకు ఖాతా నంబర్ అడిగారు.

అయినా కుక్కర్ మాత్రం పంపలేదు. పంపకండి. అది వెళ్ళిపోతే మన దగ్గర కాలిన చెయ్యి ఫొటో తప్ప ఏమీ మిగలదు. ఆసుపత్రి బిల్లులు, అట్టపెట్టె మీది చిరునామా, ఇన్వాయిస్, సీలింగు ఫొటో అన్నీ ఒక ఫైల్‌లో పెట్టాను.

వైద్యం ఖర్చు, అత్తయ్య పడ్డ బాధకి పరిహారం ఇవ్వం అన్నారు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా మనం ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, ఇది చాలామందికి తెలియదు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకపోయినా పరవాలేదు. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేశాం; పీడీఎఫ్‌లు ఎక్కించేటప్పుడు రెండుసార్లు ఆగిపోయింది, మా అబ్బాయి లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. అవతలివాళ్ళు నోటీసు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇస్తే ఇంకో 15 రోజులు, అంతకు మించి గడువు ఉండదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది. రేపు తీర్పు మనకే వచ్చినా కంపెనీ కట్టకపోతే? మళ్ళీ అదే కమిషన్‌లో పిటిషన్ వేయాలి. అప్పుడు నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ వేసే అధికారం కమిషన్‌కే ఉంది. 2019 వినియోగదారుల చట్టంలో ఈ సెక్షన్ నంబరు 72, రాసిపెట్టుకోండి. ఫోన్లో ఈ నంబరు చెప్పగానే అవతలి గొంతు మారడం నేను విన్నాను.

మాకు వాళ్ళ జవాబు ఇంకా రాలేదు. 30 రోజుల్లో పంతొమ్మిది అయిపోయాయి.

కుక్కర్‌ని పాత చీరలో మూటకట్టి అటక మీద పెట్టాను. మొన్న పాతసామాన్ల బండి వచ్చినప్పుడు పనమ్మాయి దాన్ని దింపి వేసేయబోయింది. అత్తయ్య ఆ కాలిన చేత్తోనే పరుగెత్తుకెళ్ళి, తూకంలోంచి తీసుకొచ్చారు.