సావనదుర్గ నీడలో ఒకే పొయ్యి, ఒకే కొళాయి

బెంగళూరు బయట గుడారాల్లో బస చేయాలనుకునేవాళ్లు ఫోన్ చేసినప్పుడు స్నానాల గది ఎలా ఉంటుంది, భోజనంలో ఏమేమి పెడతారు అని అడుగుతారు. అడగవలసిన సంగతులే. నేను వాటికి ఇంకో రెండు కలుపుతాను. వంట ఎక్కడ చేస్తారు? అక్కడ పనిచేసేవాళ్లు ఎప్పుడు, ఎక్కడ తింటారు? వచ్చే జవాబును బట్టి ఆ చోట మనుషులు ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటారో చాలావరకు తెలిసిపోతుంది. అర్కావతి నది వెంట వేర్వేరు బసల్లో ఉండి వచ్చాక ఈ మాట గట్టిగానే చెప్పగలను.

అర్కావతి నంది కొండల్లో పుడుతుంది. మాగడి రోడ్డుకు దగ్గరలో, 1933లో కట్టిన తిప్పగొండనహళ్లి జలాశయంలోకి వస్తుంది. అక్కడి నుంచి మంచనబెలె ఆనకట్ట, రామనగర, కనకపుర దాటి సంగమ దగ్గర కావేరిలో కలుస్తుంది. ఒకప్పుడు బెంగళూరుకు తాగునీరు ఇచ్చిన నది ఇది. నగరం పెరిగిన కొద్దీ మురుగు ఇందులోకే చేరింది. అందుకే ఏ బసవాళ్లయినా నదిలో హాయిగా ఈత కొట్టవచ్చని చెబితే నమ్మకండి. మంచనబెలె నీళ్లలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. దిగవద్దని అక్కడ బోర్డులు ఊరికే పెట్టలేదు.

మేము ముందు ఉన్నది ఆ మంచనబెలె జలాశయం వైపున్న ఒక ప్రైవేటు బసలో. చోటు అందమైనదే. సాయంత్రం ఎండ రాతి గుట్టల మీద పడి నీళ్లలో కనిపిస్తుంటే మా అమ్మ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. గుడారాలు శుభ్రంగా ఉన్నాయి, పరుపులు మెత్తగా ఉన్నాయి. కానీ ప్రతి గుంపుకూ విడి చలిమంట, విడి స్పీకరు. భోజనం ఎక్కడో వండి డబ్బాల్లో తెచ్చారు. రాత్రి పదకొండు దాటాక చంటిబిడ్డ తల్లి ఒకామె శబ్దం తగ్గించమని ప్రతి మంట దగ్గరకూ వెళ్లి బతిమాలింది. ప్రతి ఒక్కరూ అవతలి గుంపు వైపు చూపించారు. వడ్డించిన కుర్రాళ్లు అర్ధరాత్రి దాటాక, అందరూ వదిలేసిన అన్నం గోడ పక్కన నిలబడి తిన్నారు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే రెండు రోజులు గడిపి వెళ్లిపోయేలా ఆ చోటును ఏర్పాటు చేశారు. పక్క గుడారంలో ఎవరున్నారో తెలియనప్పుడు వాళ్ల బిడ్డ నిద్ర గురించి ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

సంగమ దాటాక అడవి దారిలో వచ్చే గాలిబోరె బస దీనికి పూర్తిగా వేరు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ నడిపేది. కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో, నది ఒడ్డున పెద్ద చెట్ల కింద గుడారాలు. నత్తనడకన సాగే ఆ మధ్యాహ్నాల్లో కొమ్మల మీద బూడిదరంగు పెద్ద ఉడుత కనిపించిందంటే ఆ రోజుకు అది చాలు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ కొన్ని అడవుల్లోనే మిగిలిన జీవి అది. ఒకప్పుడు మహసీర్ చేపల కోసం విదేశాల నుంచి కూడా గాలాలు పట్టుకుని ఈ ఒడ్డుకు వచ్చేవారు. కావేరిలోని ఆ మూపురపు మహసీర్ ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదం అంచున ఉంది. పుట్టిలో నది మీద తిప్పిన పెద్దాయన మాకు మొసలిని చూపిస్తూ, తెడ్డు ఆపి, పిల్లల్ని చేతులు లోపల పెట్టుకోమన్నారు. సేవకు, భద్రతకు, అడవి గురించి చెప్పే తీరుకు దీన్ని మించిన చోటు బెంగళూరు చుట్టుపక్కల నేను చూడలేదు. ఖర్చు మాత్రం ఎక్కువే. ఎవరి బల్ల దగ్గర వాళ్లు తిని, ఎవరి గుడారానికి వాళ్లు వెళ్లే పద్ధతి కాబట్టి పక్కవాళ్లతో పరిచయం నవ్వుల దాకానే.

నేను అసలు రాయాలనుకున్నది మాగడి దాటాక సావనదుర్గ కొండకు దగ్గరలో ఒక రైతు కుటుంబం నడిపే బస గురించి. పేరు రాయవద్దని వాళ్లే కోరారు. బోరులో ఉన్న నీళ్లకు ఇప్పుడు వచ్చే జనమే సరిపోతారట. మామిడితోపులో పది పన్నెండు గుడారాలు వేసే స్థలం ఉంది. తోపుకు ఒక చివర ఇల్లు, ఇంటి ముందు పెంకుల కొట్టం, ఆ కొట్టంలో కట్టెల పొయ్యి. తాగేనీటి కొళాయి కూడా ఆ కొట్టం పక్కనే, ఒక్కటే. కాబట్టి పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి సీసా నింపుకునే దాకా ప్రతి మనిషీ ఆ పొయ్యి ముందు నుంచే పోవాలి.

మేము వెళ్లింది అనపకాయల కాలం. మాగడి అనపకాయలకు బెంగళూరు మార్కెట్లో మంచి పేరు. కోసిన రోజే ఒలిస్తే చేతికి జిడ్డుగా అంటుకునే ఒక వాసన ఉంటుంది, ఆ వాసన చూసే కొంటారు. కొట్టంలో చాప మీద కాయలు గుట్టగా పోసి ఉన్నాయి. అంతకుముందు ఒలిచిన గింజలు ఒక గంగాళంలో నానుతున్నాయి. ఇంటి పెద్దావిడ పీట మీద కూర్చుని ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతోంది. తోలు వేళ్ల మధ్య మిగిలి, లోపలి పప్పు చిటుక్కున గిన్నెలోకి జారుతోంది. మా అమ్మ నీళ్లకని వెళ్లి, చెంబు పక్కన పెట్టి, అడగకుండానే ఆవిడ పక్కన చతికిలబడింది.

“పితికిపప్పా?” అంది అమ్మ.

“మీ ఇంట్లో చేస్తారా అక్కా?” అని ఆవిడ తెలుగులోనే అడిగింది. ఆవిడ పుట్టినిల్లు కోలారు వైపు. అటు పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. మాది అనంతపురం అని అమ్మ చెప్పాక ఇక ఇద్దరికీ మధ్యలో కన్నడం అవసరం రాలేదు.

పది నిమిషాల్లో ఆ చాప చుట్టూ చోటు లేకుండా పోయింది. మా అపార్ట్‌మెంటులోనే ఉండే గుంటూరు దంపతులు, ఒక తమిళ కుటుంబం, ఇంజనీరింగు చదివే మలయాళీ కుర్రాళ్లు, హిందీ తప్ప ఇంకోటి రాని ఒక తండ్రీ కూతుళ్లు. నీళ్లకు వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర్చున్నారు. పితకడం చూడటానికి సులువు. కొత్తవాళ్ల చేతిలో గింజ ఎటో ఎగిరి పడుతుంది. గుంటూరాయన పప్పు మొదట పొయ్యిలో పడింది, తర్వాత మా అమ్మ కొంగులో పడింది. హిందీ పాప మాత్రం పెద్దవాళ్లకంటే ముందే కిటుకు పట్టేసింది. పెద్దావిడ తన పీట తీసి ఆ పాపకు వేసింది. ఆ పాప పక్కన కూర్చున్న కుర్రాడికి నేర్పింది, భాష లేకుండా, వేలు పట్టుకుని.

ఆ సాయంత్రం కూర్చున్న ఈ కాసేపు ఆ రాత్రంతా అక్కరకొచ్చింది. చీకటి పడ్డాక కుర్రాళ్లు స్పీకరు పెట్టారు. పాటలు గట్టిగానే మొదలయ్యాయి. తమిళావిడ వెళ్లి, మా చిన్నవాడు ఇప్పుడే పడుకున్నాడు బాబూ అంది. సాయంత్రం ఆ చిన్నవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అనపకాయలు ఒలిచింది వాళ్లే. స్పీకరు వెంటనే ఆగిపోయింది. అంతేకాదు, కొళాయి దగ్గర చీకటిగా ఉందని ఇద్దరు కుర్రాళ్లు టార్చి పట్టుకుని వెళ్లి, పిల్లలున్న గుడారాల ముందు నీళ్ల బిందెలు పెట్టి వచ్చారు.

భోజనం సంగటి, పితికిపప్పు పులుసు. ఉడుకుతున్న రాగిపిండిని పొడుగాటి కట్టెతో కలిపేటప్పుడు గిన్నె కదలకుండా అదిమి పట్టుకోవాలి. ఇంటి కోడలు, పనిచేసే అక్క కలిసి ఆ పని చేశారు. ముద్దలు చేతికి నీళ్లు అద్దుకుంటూ చుట్టారు. కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరి వేసిన పులుసు ఆ ముద్ద మధ్య గుంటలో పోస్తే, నమలకుండా మింగడం ఎలాగో తెలియనివాళ్లకు పెద్దావిడ చేసి చూపించింది. ముందు పిల్లలు, ముసలివాళ్లు తిన్నారు. రెండో పంక్తిలో మేమూ, తోపులో పనిచేసేవాళ్లూ, యజమానీ ఒకే వరుసలో కూర్చున్నాం. ఆ పంక్తికి వడ్డించింది మొదటి పంక్తిలో తిన్నవాళ్లు. ఇక్కడ అదే పద్ధతి అని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, లేచిన పిల్లల చేతికి నీళ్ల చెంబు ఇచ్చారు.

డిసెంబరు, జనవరి రాత్రులు ఆ తోపులో చలి బాగా ఉంటుంది. నగరంలో చాలిన దుప్పటి అక్కడ చాలదు. అమ్మ వణుకుతోందని నేను ఇంటి తలుపు తట్టడానికి మొహమాటపడుతుంటే, పెద్దావిడే లాంతరు పట్టుకుని ఒక నల్ల కంబళి తెచ్చింది. గొర్రె బొచ్చుతో నేసింది. ఒంటికి గుచ్చుకుంటుంది, పొగ వాసన వస్తుంది, కానీ కప్పుకున్న కాసేపటికే చలి మాయం. “నా పెళ్లికి మా నాన్న కొన్నది, పొద్దున ఎండలో వేయి చాలు” అంది. ఉన్నవి రెండే కంబళ్లని, రెండోది అప్పటికే తమిళ కుటుంబం గుడారంలో ఉందని పొద్దున తెలిసింది.

అదే రాత్రి హిందీ పాపకు జ్వరం వచ్చింది. వాళ్లు అద్దె కారులో వచ్చి దాన్ని పంపేశారు. గుంటూరాయన కారు తీశాడు. భాష కోసం యజమాని ముందు సీట్లో కూర్చున్నాడు. గుంటూరాయన భార్య తన దగ్గరున్న థర్మామీటరూ, తడిగుడ్డా పట్టుకుని వెనుక కూర్చుంది. మాగడిలో డాక్టరుకు చూపించి మందులిప్పించి తెల్లవారకముందే తీసుకొచ్చారు. పొద్దున పాపకు జావ కాచి ఇచ్చింది ఇంటి కోడలు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే గుంటూరాయన తీసుకోలేదు, పాప చేత తన చేతికి ఒక అనపకాయ ఇప్పించుకుని సరిపెట్టుకున్నాడు.

కొండ సంగతి కొద్దిగా. సావనదుర్గ సముద్రమట్టానికి 1,226 మీటర్లు, ఒకే రాయిలా లేచిన కొండ. ఎక్కే ముందు అటవీ శాఖ అనుమతి సంగతి కనుక్కోండి. వాన పడినప్పుడు ఆ నున్నటి రాతి మీద అడుగు పెట్టకండి, నీళ్లు కనీసం రెండు లీటర్లు పట్టుకెళ్లండి. మోకాళ్లు సహకరించనివాళ్లకు కింద వీరభద్రస్వామి, నరసింహస్వామి గుడులున్నాయి. చుట్టుపక్కల చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి చీకటి పడ్డాక తోపు దాటి వెళ్లనివ్వరు. ఆ కట్టుబాటు నాకు నచ్చింది.

లోపాలు లేవని కాదు. మరుగుదొడ్లు రెండే, అందులో కమోడు ఉన్నది ఒకటే. పొద్దున వరుస కట్టాలి. ముసలివాళ్లను ముందు పంపడం అందరూ పాటించారు కానీ, అది జనం మంచితనం మీద ఆధారపడే ఏర్పాటు. ఎప్పుడూ ఇలాంటి జనమే వస్తారని నమ్మి కూర్చోకూడదు, ఇంకొకటి కట్టాలని యజమానికి చెప్పాం. వేడినీళ్లు కట్టెల మీద కాగాలి కాబట్టి ఆలస్యం. మరుగుదొడ్డి దారిలో సోలార్ దీపం ఒకటి వెలగడం లేదు. ఫోను సిగ్నల్ దాదాపు లేదు. జ్వరం రాత్రి కారు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే కష్టమయ్యేది. రెండేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు, గుండె జబ్బు మందులు వాడే పెద్దలున్నవాళ్లు సొంత వాహనం లేకుండా వెళ్లవద్దని నా సలహా.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉండే మన వాళ్లకు అసలు కష్టం నగరం దాటడమే. కారు లేనివాళ్లు ఊదారంగు మెట్రో గీతలో వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా వచ్చి, అక్కడ మాగడి బస్సు ఎక్కితే శని ఉదయపు ట్రాఫిక్‌లో సగం బాధ తప్పుతుంది. మాగడి నుంచి ఆటో దొరుకుతుంది. అడవి, జంతువులు, నది చూడాలనుకుంటే, ఖర్చుకు వెనుకాడకపోతే గాలిబోరెకు వెళ్లండి. పిల్లలకు నలుగురిలో కలవడం అలవాటు కావాలనుకుంటే, రోజంతా ఏమీ చేయకుండా ఒక పొయ్యి ముందు కూర్చోగలిగితే, ఈ తోపు మంచిది. అనపకాయల కాలం జనవరి చివరికి తగ్గుముఖం పడుతుంది. ఆ తర్వాత గడ్డి ఎండిపోయి నిప్పు భయం మొదలవుతుంది, వేసవిలో చలిమంట వేయనివ్వరు. దారి కావలసినవాళ్లకు చెబుతాను. వెళ్లినప్పుడు పనివాళ్లకు విడిగా డబ్బులు ఇవ్వాలనిపిస్తే ఎవరి చేతిలోనో పెట్టకండి, వంట చూసే అక్కకు ఇవ్వండి. ఆవిడ శనివారం రాత్రి వచ్చినదంతా కలిపి, గిన్నెలు తోమే అమ్మాయి దగ్గర నుంచి కాపలా ఉండే తాత దాకా అందరికీ సమానంగా పంచుతుంది.