స్విచ్, స్టీమ్ డెక్‌లకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయా, 5 గిగాహెర్ట్జ్ వైఫైయా, లాన్ వైరా: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్లలో రౌటర్ సాధారణంగా గుమ్మం పక్కనే, చెప్పుల స్టాండు మీద ఉంటుంది. ఫైబర్ వైరు లోపలికొచ్చేది అక్కడే కాబట్టి. ఆడేదేమో చివరి గదిలో, ఇనప బీరువాకి అవతల. ఫోన్లో యూట్యూబ్ ఆగకుండా నడుస్తుంది, స్విచ్‌లో (నింటెండో వాళ్ల చేతి గేమ్ పరికరం) ఆట మాత్రం మధ్యలో తెగుతుంది. వీడియో కొంత భాగాన్ని ముందే దింపుకుని ఉంచుకుంటుంది, ఆటకి ఆ వెసులుబాటు లేదు.

ఏదైనా కొనే ముందు స్విచ్ పట్టుకుని రౌటర్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబడండి. సిస్టమ్ సెట్టింగ్స్, ఇంటర్నెట్, టెస్ట్ కనెక్షన్. అక్కడ బాగుండి గదిలో తెగితే సిగ్నల్ అందట్లేదన్నమాట. అక్కడా తెగితే ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. దాంట్లో నడిస్తే తప్పు రౌటర్‌దో లైనుదో. హాట్‌స్పాట్‌లోనూ అంతే అయితే పవర్ బటన్ 3 సెకన్లు నొక్కిపట్టి, పవర్ ఆప్షన్స్‌లో రీస్టార్ట్ ఇవ్వండి. స్లీప్‌లో పెట్టి లేపితే రీస్టార్ట్ చేసినట్టు కాదు.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు (వైఫై నడిచే రేడియో పట్టీ) గోడలు బాగానే దాటుతుంది. పక్కింటివాళ్లదీ పై అంతస్తువాళ్లదీ కూడా అలాగే దాటి మీ గదిలోకి వస్తుంది, అదే చిక్కు. ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఖాళీగా ఉందని 3 పెడితే 1 వాళ్ల గోలా, 6 వాళ్ల గోలా రెండూ తగులుతాయి. మూడింట్లో రద్దీ తక్కువున్నది ఎంచుకుని, రౌటర్ పేజీలో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి దించండి. జాయ్‌కాన్ (స్విచ్ కంట్రోలర్) బ్లూటూత్ కూడా ఇదే పట్టీలో నడుస్తుంది. యూఎస్‌బీ 3 హబ్బులు, హార్డ్ డిస్కులు కూడా ఇక్కడే గోల పుట్టిస్తాయి, వాటిని స్టీమ్ డెక్ (వాల్వ్ వాళ్ల చేతి గేమ్ పరికరం) పక్కన ఆనించి పెట్టకండి. పీఎస్ వీటా, 3డీఎస్ లాంటి పాతవాటికి మాత్రం 2.4 తప్ప గతి లేదు.

చేతిలో పట్టుకుని ఆడేవాళ్లకి నా ఓటు 5 గిగాహెర్ట్జ్‌కే, గోడ ఒకటికి మించకపోతే. ఛానెల్ 36 నుంచి 48 లోపు, లేదా 149 పైన పెట్టండి. మధ్యలో 52 నుంచి 144 వరకూ రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినిపిస్తే రౌటర్ ఆ ఛానెల్ వదిలి పారిపోవాలి, ఆటా దాంతోపాటే పోతుంది. ఇంకో మాట, రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే పరికరం తనకి తోచినదాన్ని పట్టుకుంటుంది. పేర్లు విడదీసి, స్విచ్‌లో 2.4 పేరు చెరిపేయండి. స్టీమ్ డెక్‌లో ఉండుండి పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) ఎగురుతుంటే డెవలపర్ మోడ్ తెరిచి వైఫై పవర్ మేనేజ్‌మెంట్ ఆపి చూడండి.

టీవీకి పెట్టి ఆడేట్టయితే వైరే. ఓలెడ్ స్విచ్ డాక్‌కి (టీవీకి కలిపే స్టాండు) లాన్ పోర్టు ఉంది. 2017 నాటి డాక్‌కి లేదు, దానికి యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి, కానీ డబ్బా మీద స్విచ్ పేరున్నదే తీసుకోండి. ఓనరు గోడకి కన్నం వేయనివ్వకపోతే బల్లపరుపు క్యాట్ 6 కేబుల్ తలుపు సందులోంచి పోతుంది.

ఎక్స్‌టెండర్ (వైఫైని అందుకుని మళ్లీ పంపే డబ్బా) జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒకే బ్యాండువి వినడానికీ చెప్పడానికీ అదే రేడియోని వాడతాయి, వేగం దాదాపు సగమవుతుంది. అదే డబ్బుతో పొడుగు కేబుల్ కొనుక్కుని రౌటర్‌నే హాలు మధ్యకి జరపొచ్చు.

సిగ్నల్ నిండుగా ఉన్నా ఆటలో స్నేహితుడు తెరిచిన గదిలో చేరలేకపోతుంటే అది వైరుకీ లొంగదు. స్విచ్ కనెక్షన్ టెస్ట్‌లో నాట్ టైప్ (బయటి ఆటగాళ్లు మిమ్మల్ని ఎంత తేలిగ్గా చేరగలరో చెప్పే అక్షరం) డి అని వచ్చిందేమో చూడండి. వస్తే రౌటర్ పేజీలో వాన్ ఐపీ (లైను వైపు నుంచి రౌటర్‌కి వచ్చిన చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే బయటికి కనిపించే ఒకే చిరునామాని మీతోపాటు చాలా ఇళ్లు పంచుకుంటున్నట్టు. ఛానెళ్లు ఎన్ని మార్చినా లాభం లేదు, లైను ఇచ్చినవాళ్లని పబ్లిక్ ఐపీ (మీ ఒక్కరికే చెందిన బయటి చిరునామా) అడగాలి.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఆట తెగుతుంటే ఇవేవీ అక్కర్లేదు, రౌటర్‌కో మినీ యూపీఎస్ చాలు. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందా 9 అని ఉందా చదివి, దానికి సరిపోయేదే తెండి. ఫైబర్ డబ్బా వేరుగా ఉంటే దానికీ బ్యాకప్ కావాలి.