గోల్కొండ వాక్‌కి ముందే డబ్బు కట్టకండి

ఇప్పుడే హోటల్ గదికి వచ్చాం. కోపం తగ్గకముందే రాస్తున్నా. ఈ వాక్ నడిపే గైడ్ పేరు రాయను, అతని రీల్స్ మీలో చాలామంది చూసే ఉంటారు.

మనిషికి 1,200. అమ్మకీ నాకూ కలిపి 2,400, నిన్న రాత్రే ఫోన్‌పే చేశా. ఫతే దర్వాజా నుంచి నడక, కోటలోనే భాగమైన నయాఖిలాలో హాతియాన్ అనే పాత పెద్ద చెట్టు, ఆ తర్వాత కొండపైన ఉన్న బారాదరి మంటపం దాకా, టికెట్‌తో సహా అని అతని పోస్టులో ఉంది. తీరా చూస్తే నయాఖిలా ఇవాళ మూసేశారన్నాడు. గేటు దగ్గర 25 రూపాయల టికెట్ మేమే కొనుక్కున్నాం. బాలాహిస్సార్ దర్వాజా కింద చప్పట్లు కొట్టించి, ఆ చప్పుడు కొండపైకి ఎలా వినబడుతుందని అడిగితే "పైకి పోయినంక చెప్తా" అన్నాడు.

ఇవన్నీ సర్దుకున్నా. రామదాసు బందీఖానా దగ్గర జరిగింది మాత్రం మర్చిపోలేను.

అమ్మ పుట్టిల్లు ఖమ్మం దగ్గర నేలకొండపల్లి, రామదాసుగా పేరుపడ్డ గోపన్న పుట్టిన ఊరు. భద్రాద్రి గుడి కట్టించినందుకు తానీషా 12 ఏళ్ళు బంధించాడన్న కథ చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగింది. ఆ చోటు చూడాలనే మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కింది. లోపల గోడ మీద ఆయన చెక్కుకున్న రాముడి బొమ్మ ముందు నిలబడి, చెప్పులు పక్కన విడిచి, కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

"దండాలు పెట్టుకునుడు ఉంటే గుడికి పోవాలె అమ్మా. నాకు ఇంకో బ్యాచ్ ఉన్నది."

అమ్మ గబగబా చెప్పులు వేసుకోబోయి తూలి గోడ పట్టుకుంది. నేను మాట్లాడేలోపే ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ అమ్మ ముఖం ముందు పెట్టాడు. పైకి వెళ్ళడం ప్యాకేజీలో లేదట, ఇంకో 500 కట్టాలట. పోస్టులో బారాదరి దాకా అని ఉందిగా అంటే, "నడవలేని వాళ్ళను తెచ్చుకుని నాతో పంచాయితీ ఏంది మేడమ్" అని అక్కడే వదిలేసి దిగిపోయాడు.

పైన జగదాంబ గుడి ఉంది, బోనాలు మొదలయ్యేది అక్కడే. అమ్మకి అదీ చూపిస్తానన్నా. "వద్దులే బిడ్డా, దిగుదాం" అంది. ఆటోలో వచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరినీ అడక్కుండా రీల్ చూసి డబ్బు కట్టింది నేను. ఆ తప్పు నాదే.

డబ్బు వెనక్కి ఇమ్మని మెసేజ్ పెడితే బ్లాక్ చేశాడు.

వెళ్ళేవాళ్ళు గుర్తింపు కార్డు ఉన్న గైడ్‌నే పెట్టుకోండి, పైదాకా వస్తారో లేదో ముందే మాట్లాడుకోండి, సగం డబ్బు కిందికి దిగాకే ఇవ్వండి. పెద్దవాళ్ళుంటే ఆ మాటా ముందే చెప్పండి, 350కి పైగా మెట్లున్నాయి. ఆ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను తీయలేదు. ఇప్పుడు తెరిచి చూస్తే అందులో బారాదరి అన్న మాటే లేదు.